సీసాలోని ఉద్యానవనము

గోదావరీనదికి దక్షిణపుటొడ్డున రామగుండము కలదు. దానిని ఆనుకొని పెరిగిన పట్టణమే గోదావరిఖని. పేరులోనే గని యున్నది. 1961వ సంవత్సరమున ఈ ప్రాంతమున సింగరేణి సంస్థ బొగ్గు త్రవ్వుట మొదలిడెను. నాటినుండి ఇచ్చటి జీవనమంతయు గనుల వేళలనుబట్టియే సాగుచున్నది. జనులు వాడుకలో గనిని బొగ్గుబాయి అందురు. ఇచ్చటి వేసవి యెండ తెలుగునాట పేరుమోసినది. లారీలు పోవు త్రోవలపై నల్లని ధూళి పేరుకొనియుండును. పరిమళమును గూర్చి ముచ్చటించుటకు ఇది తగిన చోటు కాదని యెవరైనను అనవచ్చును.

అయినను రంజాను మాసము వచ్చినదనగా, సాయంకాలము మసీదు దారిలో అత్తరు అమ్మువాడు తన చిన్న పెట్టెను తెరచి కూర్చుండును. లోపల వ్రేలెడంత సీసాలు వరుసగా నుండును. కొనగోరువాడు చేయి చాచగా, అత్తరువాడు సీసామూతకున్న పుల్లతో అతని మణికట్టుపై ఒక గీత గీయును. పని ముగించి, ఒడలి మసి కడిగికొని, తెల్లని దుస్తులు ధరించి వచ్చిన కార్మికుడు ఆ వాసన చూచును. నచ్చినచో దూదిపింజకు పట్టించి చెవిమడతలో పెట్టుకొనును. గులాబి, మల్లె, మొగలి, హినా, మజ్మువా - ఇట్లెన్నో పేర్లు. వానిలో ఒకదాని పేరు జన్నతుల్ ఫిర్దౌస్. హైదరాబాదున చార్మినారు పరిసరములలోని అత్తరు దుకాణములందును, ఊరూరి పెట్టెలందును ఇది సామాన్యముగా కానవచ్చును. గులాబి, మల్లె, మొగలి యనునవి పువ్వుల పేర్లు. జన్నతుల్ ఫిర్దౌస్ పువ్వు పేరు కాదు. అది ఒక తోట పేరు.

అరబ్బీ భాషలో జన్నతు అనగా తోట. ఫిర్దౌసు అనగా స్వర్గములోని మేలైన ఉద్యానము. ఈ ఫిర్దౌసు అను మాట మిక్కిలి దూరము ప్రయాణము చేసినది. ప్రాచీన ఇరాను భాషలో పైరిదయెజ అను పదము కలదు. చుట్టును గోడ కట్టిన స్థలమని దాని యర్థము. ఎడారిగాలి వీచు దేశమున పచ్చని చెట్టు బ్రతుకవలెనన్నచో మొదట గోడ కావలెను, పిదప నీటికాలువ కావలెను. పారసీక చక్రవర్తులు అట్టి తోటలను నిర్మించిరి. గ్రీకు రచయిత జెనొఫన్ ఆ మాటను తన భాషలోనికి గొనిపోయెను. అదియే ఆంగ్లమున పారడైజ్ ఐనది. అరబ్బీలో ఫిర్దౌసు ఐనది. భూమిపై గోడ కట్టి పెంచిన తోట, క్రమముగా ఆకాశమునకెక్కి స్వర్గమైనది. అత్తరువాడు దానిని మరల దింపి సీసాలోనికి తెచ్చినాడు.

ఈ తోటల సంప్రదాయము దక్కనునకు వచ్చి, ఇచ్చటి మన్నులో కొత్త వేళ్ళు తన్నినది. గోలకొండ నేలిన మహమ్మదు కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాదు నగరమునకు పునాది వేసెను. అతడు రాజేగాక కవి. దక్కనీ భాషలో విరివిగా కవిత్వము చెప్పినాడు. మహమ్మద్ షాహీ బాగు అను తన తోటను వర్ణించుచు ఒక పద్యము వ్రాసినాడు. పదునేడవ శతాబ్దమున ఈ నగరమును చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియే, రాజభవనపు మిద్దెలమీద తోటలుండుటకు అబ్బురపడెను. అంత పెద్ద వృక్షముల బరువును క్రింది కమానులు ఎట్లు మోయుచున్నవో అతనికి బోధపడలేదు.

ఇట్టి తోటలను కన్నులకొరకు మాత్రమే నిర్మించినారనుకొనుట పొరపాటు. చార్‌బాగు అనబడు తోటను నీటికాలువలు నాలుగు భాగములుగా విభజించును. నీటిమీదుగా వచ్చు గాలి చల్లబడి, తేమతో గూడి, పూలవాసనను నడిచిపోవువారి చెంతకు జేర్చును. ఏ చెట్టు ఏ వేళ వాసన నిచ్చునో తోటమాలి యెరిగియుండవలెను. పొగడపూలు నేలరాలి వాడినను పరిమళము వీడవు. మల్లెమొగ్గ సందెవేళ విచ్చుకొనును. సంపెంగ దూరమునుండియే తన జాడ తెలుపును. మరువము, దవనము తాకినగాని పలుకవు. అలీ అక్బర్ హుసేన్ అను పండితుడు దక్కనీ కావ్యములను, వాసనల తయారీని గూర్చిన ప్రాచీన గ్రంథములను పరిశీలించి, దక్కను తోటలలో సువాసనకు గల స్థానమును వివరించుచు 2000వ సంవత్సరమున ఒక పుస్తకము ప్రకటించెను. బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షాకొరకు వ్రాయబడిన ఇత్రె నౌరస్ షాహీ అట్టి గ్రంథములలో నొకటి. నేడు మహమ్మదు కులీ వర్ణించిన తోట లేదు. గోడలు పడిపోయినవి, కాలువలు పూడినవి, నగరము పైకి పాకినది. తోటను గూర్చిన పద్యము మిగిలినది. వాసనల పద్ధతులు మిగిలినవి.

సువాసనల విద్య సుల్తానులతోనే మన దేశమునకు వచ్చినదని తలచరాదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గంధయుక్తి యను ప్రకరణము వ్రాసెను. పదునారు ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున ఏరినచో 1820 విధముల మిశ్రమములు ఏర్పడునని అతడు లెక్కగట్టినాడు. గణితము నేర్చినవారు సరిచూచుకొనవచ్చును, లెక్క తప్పలేదు. ఆ నాలుగింటి పాళ్ళను గూడ మార్చినచో సంఖ్య మరెన్నో రెట్లు పెరుగును.

తెలుగునాటనైతే ఈ విద్యకు రేవులు తోడైనవి. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. అంతకుముందు గాలివానకు పగిలి ఒడ్డునబడిన ఓడలలోని సరకును రాజులు తమదిగా లాగికొనెడివారు. ఇకమీదట అట్లు జరుగదనియు, నిర్ణయించిన సుంకము మాత్రమే గైకొందుమనియు గణపతిదేవుడు వర్తకులకు మాట యిచ్చినాడు. సుంకములు నిర్ణయించిన సరకులలో శ్రీగంధము, కర్పూరము, చీనా కర్పూరము, జవ్వాది, పన్నీరు ఉన్నవి. ఒకటిన్నర శతాబ్దము గడచిన పిదప కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటేట వసంతోత్సవము జరిపించి కర్పూర వసంతరాయలని బిరుదు పొందెను. ఆ ఉత్సవములకు కర్పూరాది సుగంధద్రవ్యములను తెప్పించినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకితమిచ్చినది ఈ వర్తకునికే. ఒక కావ్యమునకు సుగంధద్రవ్యముల వర్తకుడు కృతిభర్త యగుట చిన్న విషయము కాదు. అయితే ఆ కర్పూరధూళి యెవరిమీద చల్లబడినది? రాజుమీదను, పరివారముమీదను. ఆ ద్రవ్యములను ఓడనుండి దించి మోసిన కూలివానికి, మూట విప్పినపుడు వచ్చిన వాసనయే దక్కియుండును.

తోటలోని వాసనను సీసాలోనికి దింపుట యెట్లు? ఉత్తరప్రదేశములోని కనౌజు పట్టణమున ఈ పని నేటికిని ప్రాచీన పద్ధతిలో జరుగుచున్నది. అచ్చట దేగు అను పెద్ద రాగిపాత్రలో పూలు, నీరు పోసి, మూతబెట్టి, సందులను మట్టితో మూయుదురు. క్రింద కట్టెలతోను పిడకలతోను మంట పెట్టుదురు. మూతనుండి ఒక వెదురుగొట్టము ఏటవాలుగా దిగి, నీటితొట్టిలో నుంచిన భప్కా అను మరియొక రాగిపాత్రలోనికి పోవును. దానిలో ముందుగానే చందనతైలము పోసియుందురు. పూలవాసనను మోసికొని వచ్చు ఆవిరి అచ్చట చల్లబడి నీరగును. వాసన మాత్రము చందనతైలమున కలిసిపోవును. తరువాత అడుగునున్న రంధ్రమునుండి నీటిని తీసివేసి, తైలమును నిలుపుదురు. మరునాడు కొత్త పూలు, అదే తైలము. ఇట్లు పలుదినములు చేసినగాని తైలము పరిమళముతో నిండదు.

ఇందులో కష్టమంతయు మంటయొద్ద నున్నది. మంట ఎక్కువైనచో పూలు మాడును. వాసనలో మాడు దూరును. తక్కువైనచో ఆవిరి లేవదు. పనివాడు భప్కాను చేతితో తాకియు, లోపలి చప్పుడు వినియు ఎంత దిగినదో గ్రహించును. తండ్రియొద్ద కొడుకు ఏండ్లకొలది కూర్చుండి నేర్చుకొనవలసిన విద్య యిది. ఒడిస్సాలోని గంజాము సముద్రతీరమున మొగలిపూలతోను ఇట్లే చేయుదురు. ఆ ప్రాంతమున తెలుగువారును పెక్కుమంది కలరు. మొగలిపొదల ఆకులకు రంపపుపళ్ళవంటి ముళ్ళుండును. వాటినడుమనుండి పొత్తులను కోయుట ప్రమాదముతో గూడిన పని. కోసిన పొత్తులు వాసన తగ్గకమునుపే బట్టీకి చేరవలెను.

చందనతైలమునే ఏల వాడవలెను? దీనికి కారణము కలదు. వాసన యనగా ద్రవ్యమునుండి ఎగిరిపోవు కణములు మన ముక్కునకు తగులుటయే. తేలికైన కణములు త్వరగా ఎగిరిపోవును; బరువైనవి నిదానముగా కదలును. నిమ్మవాసన నిమిషములలో పోవును. పూలవాసన కొన్ని గంటలుండును. చందనము మరునాటికిని వీడదు. అది తన బరువుతో తేలిక వాసనలను గూడ కొంత పట్టియుంచును. కనుకనే మంచి అత్తరు ఉదయము పూసికొన్నపుడు ఒక వాసనగాను, మధ్యాహ్నము మరొక వాసనగాను, రాత్రి చెక్కవాసనగాను తోచును. ఒక తోటలో గుమ్మమునుండి లోపలికి నడచి, పూలమొక్కలు దాటి, చివరకు పెద్దచెట్టు మొదట కూర్చున్నట్లుండును. జన్నతుల్ ఫిర్దౌస్ కూర్చినవారు చేసిన పనియు నిదియే. ఒక్క పువ్వును గాక, పచ్చిక, తడి, పువ్వు, చెక్క అన్నిటి తలపును వెంటవెంట కలిగించుటకు వారు పెక్కు వాసనలను కలిపినారు. ఒక్కొక్క తయారీదారునిది ఒక్కొక్క పాళము; ఎవరి మిశ్రమము వారి రహస్యము.

ఇపుడు గోదావరిఖనికి తిరిగి రావలెను. ఏలయనగా ఆ కార్మికుని చెవిమడతలోని వాసనకును, అతడు దిగివచ్చిన గనికిని ఒక చుట్టరికము కలదు.

రాతిబొగ్గునుండి గాలి తగులకుండ వేడిచేసి వాయువును, కోకును తీయునపుడు నల్లని జిగటద్రవము మిగులును. దానిని తారు అందురు. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున అది పారబోయ తావులేని పీడగా నుండెను. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల ఆంగ్ల యువకుడు, తారునుండి లభించు పదార్థముతో మందు చేయబోయి ఊదారంగు చేసినాడు. ఆ పెర్కినే 1868లో కూమరిన్ అను సుగంధద్రవ్యమును ప్రయోగశాలలో తయారుచేసెను. అప్పుడే కోసి ఎండబెట్టిన గడ్డివాసన దానిది. అంతవరకు దానిని దక్షిణ అమెరికాలో పండు టోంకా గింజలు మొదలైనవాటినుండియే తీయవలసియుండెను. కొలదికాలమునకే తారు ద్రవ్యములనుండి దానిని కర్మాగారములలో తయారుచేయసాగిరి.

1882లో పారిసులోని ఊబిగాన్ సంస్థ ఈ కూమరిన్‌ను చేర్చి ఒక పరిమళద్రవ్యము వెలువరించినది. దాని పేరు ఫూజేర్ రాయాల్. రాచ ఫెర్ను అని అర్థము. తమాషా యేమనగా, ఫెర్ను మొక్కకు చెప్పుకోదగిన పరిమళము లేదు. లేని వాసనను ఊహించి కూర్చినారు. అడవిలోని నీడ, తడినాచు, ఎండుగడ్డి స్ఫురించునట్లు చేసినారు. స్వర్గపు తోటను ఎవరును వాసన చూడకయే జన్నతుల్ ఫిర్దౌస్ పుట్టినట్లే యిదియు పుట్టినది. 1888లో ఆల్బర్ట్ బావర్ అను జర్మను రసాయనికుడు ప్రేలుడు మందులను గూర్చి పరిశోధించుచుండగా, కస్తూరివాసన గల పదార్థము చేతికి వచ్చినది. కస్తూరిమృగమును చంపకయే కస్తూరివాసన దొరకు త్రోవ అట్లు తెరచుకొన్నది. అయితే ఆ జాతి పదార్థములలో కొన్ని ఆరోగ్యమునకు మంచివి కావని తరువాత తెలిసి, వాడుక తగ్గినది.

నేడు చవుకగా అమ్ముడుపోవు అత్తరులలో అధికభాగము ఇట్టి కృత్రిమద్రవ్యములతో చేసినవే. వాటికి మూలము కొంత బొగ్గు, ఎక్కువ భాగము పెట్రోలియము. చందనపుచెట్లు అరుదై, తైలము ధర పెరిగిపోవుటచేత, దాని స్థానమున ద్రవపారఫిన్‌ను వాడుట సామాన్యమైనది. అదియు పెట్రోలియమునుండి వచ్చునదే. గోదావరిఖని బొగ్గు మాత్రము అత్తరు పెట్టెలోనికి పోదు. అది తారుకును కోకుకును తగిన జాతి కాదు; రామగుండము వంటి విద్యుత్కేంద్రములలో మండును.

ఇది మోసము కాదా యని కొందరు అడుగుదురు. కృత్రిమమును కృత్రిమమని చెప్పక, అసలైన పూల అత్తరని అమ్ముట నిశ్చయముగా మోసమే. దానివలన ఏండ్లకొలది మంటయొద్ద కూర్చుండి విద్య నేర్చినవాని కూడు పోవుచున్నది. పూలు పండించువాని పొలమును బీడగుచున్నది. కాని తయారీనే తప్పుపట్టుట అంత సులభము కాదు. కర్పూర వసంతరాయల కాలమున పరిమళము మూట మోసినవానికి దక్కలేదు. చందనతైలముమీద దింపిన గులాబి అత్తరు నేడును కార్మికుని చేతికి అందునది కాదు. అతడు పండుగనాడు తోటవాసన పూసికొనగలుగుచున్నాడనిన, అది ప్రయోగశాల పెట్టిన భిక్షయే. ఆ సీసాలో నిజమైన పువ్వు ఒక్కటియు లేకపోవచ్చును. అయినను తోట పేరు, వాసనలను వరుసదీర్చు పద్ధతి, దూదిపింజను చెవిలో నుంచు ఆచారము, ఇవన్నియు నిజమైనవే, పాతవే.

బొగ్గు మాత్రము ఎక్కడనుండి వచ్చినది? ప్రాణహిత గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున బొగ్గుపొరలు వ్యాపించియున్నవి. ఇరువదియైదు కోట్ల ఏండ్లకు పూర్వము ఇచ్చట చిత్తడినేలలలో దట్టమైన అడవి యుండెను. ఆ కాలమున భారతదేశము దక్షిణార్ధగోళమున, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అను మహాఖండములో భాగముగా నుండెను. ఆ అడవిలో ముఖ్యమైనది గ్లాసోప్టెరిస్ అను వృక్షము. ఆ పేరునకు గ్రీకు భాషలో నాలుకవంటి ఫెర్ను అని అర్థము. అది నిజముగా ఫెర్ను కాదు, విత్తులు గల చెట్టు. తొలుత దాని ఆకును చూచినవారు అట్లు పేరు పెట్టినారు. ఆ చెట్లు కూలి, బురదలో మునిగి, ఇసుక క్రింద అణగి, వేడికిని ఒత్తిడికిని బొగ్గుగా మారినవి.

అంతటి పచ్చని వనమున ఒక్క పువ్వైనను లేదు. పూలు పూయు మొక్కలు భూమిమీద ఇంకను పుట్టలేదు. మల్లె లేదు, సంపెంగ లేదు, వాటిని వెదకికొని వచ్చు తేనెటీగయు లేదు. గోదావరీలోయలో బొగ్గుతోపాటు నుండు మెత్తని రాతిపలకలు విడిపోయినపుడు, అప్పుడప్పుడు వాటిమీద నాలుకవంటి ఆకుగుర్తులు బయటపడును. నడుమ ఈనె, ఇరుప్రక్కల వలవంటి సన్నని గీతలు స్పష్టముగా నుండును. ఆ పలకను ముక్కుచెంత పెట్టుకొన్నచో రాతివాసనయే వచ్చును. పచ్చిగా నున్ననాడు ఆ ఆకును నలిపినచో ఏ వాసన వచ్చెడిదో చూచుటకు అప్పుడు మనుష్యుడు లేడు.